పదకొండు కాదు, పద్నాలుగు

ఊళ్లో అతన్ని వాలు మేస్త్రి అంటారు. ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల మొహం చూడడు, నేల వాలు ఎటుందో చూస్తాడు. పెళ్లికి ముందు మొదటిసారి తమ ఇంటికి వచ్చినప్పుడు కూడా తనవైపు కన్నెత్తి చూడలేదనీ, పెరట్లో నీళ్లు నిలుస్తున్నాయని నాన్నకు చెప్పి లేచి వెళ్లిపోయాడనీ అతని భార్య ఇప్పటికీ వచ్చిన వాళ్లందరికీ చెబుతుంది. మర్నాడే పారతో వచ్చి కాలవ తీస్తే, వారం తిరక్కుండా ఆ పెరడు ఆరిపోయిందట. అందుకే వాళ్ల నాన్న ఒప్పుకున్నాడట.

మట్టిపని, రాతిపని, కాలవలు, తూములు అతని వృత్తి. ఆ వృత్తిలో అతనికొక పిచ్చి ఉంది. చేసిన పని కనబడకూడదు. కాలవ తవ్వి, రాళ్లు పేర్చి, పైన పలక కప్పి, పలక మీద మట్టి పోసి, మట్టి మీద గడ్డి నాటి, చివరికి తనే నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూసుకుని, కాలవ ఎక్కడుందో తనకే తెలియకపోతే అప్పుడు పార కడిగేవాడు. నలభై ఏళ్లు అలా చేశాడు. ఫలితం ఏమిటంటే, సగం ఊరు అతను వేసిన తూముల మీద నడుస్తుంది గానీ, అతను ఫలానా పని చేశాడని చూపించడానికి ఊళ్లో ఒక్క జానెడు చోటు లేదు. గడియారస్తంభం కట్టినవాడి పేరు దాని మీదే చెక్కి ఉంది. ఆ గడియారం నడిచిన రోజు ఎవరికీ గుర్తులేదు. అయినా పేరు పేరే. తనకు అలాంటివాటి మీద ఆశ లేదని మేస్త్రి తరచుగా అనేవాడు. లేనివాడు అన్నిసార్లు అనడు.

ఊరి చివర ఒక కొండ ఉంది. ఇప్పుడు పచ్చగా, చూడముచ్చటగా ఉంటుంది గానీ పద్దెనిమిదేళ్ల కిందట అది రాళ్లు కొట్టి వదిలేసిన క్వారీ, దాని పక్కన చెత్త. మున్సిపాలిటీ వాళ్లకు ఉన్నట్టుండి బుద్ధి పుట్టి, క్వారీ మూయించి, మొక్కలు నాటించి, మీదికి నడవడానికి ఒక బాట వేయించారు. మొదటి వానకే ఆ బాట మొత్తం కిందికి దిగి బజారులో కూర్చుంది. అప్పుడు మేస్త్రిని పిలిచారు. అతను బాట ప్రతి వంపులోనూ నీటిని పక్కకు మళ్లించి, పలకల కిందుగా తీసుకెళ్లి, పదడుగుల దిగువన గుంటలు తవ్వి అందులోకి వదిలాడు. ఒండ్రు గుంటలో ఆగుతుంది, తేట నీరు కొండలోకి ఇంకుతుంది. అలాంటివి పద్నాలుగు. అంచులకు రాళ్లు పేర్చి, రాళ్ల మీద నాచు పెంచి, చుట్టూ పొదలు నాటాడు. బాట మళ్లీ కదల్లేదు. ఏటా వానలకు ముందు ఒక వారం తనే వెళ్లి గుంటల్లో పూడిక తీసి వచ్చేవాడు. మొదట్లో మున్సిపాలిటీ పంపేది, తర్వాత మరిచిపోయింది. అతను మరిచిపోలేదు.

అతనికి ఒక్కతే కూతురు. హైస్కూల్లో సైన్సు టీచరు. నోరున్న పిల్ల, పట్టుదల తండ్రిది. తండ్రి చేసేది మట్టి తవ్వడమని ఆమెకు తెలుసు, అంతకంటే తెలుసుకోవలసింది ఏదైనా ఉంటుందని ఆమెకు తోచలేదు. మూడేళ్ల కిందట ఒక రోజు పిల్లల్ని తీసుకుని కొండెక్కి, సాయంత్రం మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చింది. కొండ మీద పొదల్లో ఒక చిన్న కప్పను చూశానంది. వీపు మీద సన్నటి పసుపు చార ఉంటుందట. ప్రపంచం మొత్తంలో ఇంకో రెండు చోట్ల మాత్రమే ఉందట. అది గుడ్లు పెట్టడానికి కొండ తనంతట తాను ఏర్పరచుకున్న నీటిగుంటలు ఉన్నాయట.

"పదకొండు గుంటలు నాన్నా! చేత్తో కొలిచి పెట్టినట్టున్నాయి."

మేస్త్రికి తాగుతున్న నీళ్లు పొలమారాయి. కాసేపు దగ్గి, "పదకొండేనా?" అని అడిగాడు.

"ఏం, తక్కువా?" అని ఆమె నవ్వింది.

అప్పుడే చెప్పేస్తే కథ అక్కడితో అయిపోయేది. నాలుగు రోజులు ఆగి చెబితే తమాషాగా ఉంటుందనుకున్నాడు. ఆ నాలుగు రోజుల్లో సంగతి పేపర్లోకి ఎక్కింది. పేపరు చూసి ఒక ప్రొఫెసరు వచ్చాడు. గుంటలోకి మోకాళ్ల దాకా దిగి, మట్టి వాసన చూసి, నాలుక మీద కూడా కాస్త వేసుకుని, ఈ గుంటలు కొన్ని వేల ఏళ్ల నాటివని తేల్చేశాడు. ఇక ఇప్పుడు నోరు విప్పితే కూతురు నలుగురిలో నవ్వులపాలవుతుంది. చెప్పేయరాదూ అని భార్య గుచ్చి గుచ్చి అడిగితే, అంత చదువుకున్నాయన మాటను నేను కాదంటే ఏం బాగుంటుందన్నాడు. అలా అంటున్నప్పుడు అతని మీసాల కింద ఏదో కదిలిందని భార్య గమనించింది. తను వారం రోజుల్లో తవ్విన గుంటకు వేల ఏళ్ల వయసు కట్టారంటే ఏ మేస్త్రికైనా లోపల చక్కిలిగింత పెట్టినట్టే ఉంటుంది.

ఆ తర్వాతి ఏడు పార్కులు కట్టే కంపెనీ ఒకటి ఊళ్లోకి దిగింది. కొండ మీంచి సైకిళ్ల మీద దూకుతూ, వంపులు తిరుగుతూ కిందికి జారే ఆట ఒకటుంది. దానికోసం ప్రత్యేకమైన బాటలతో పార్కు కడతామని, ఊరి దశ తిరిగిపోతుందని అన్నారు. కూతురు కప్పల్ని కాపాడాలని సంఘం పెట్టి, దానికి కార్యదర్శి అయింది. రెండు పక్షాలూ నివేదికలు అచ్చు వేశాయి. కొండ ఎందుకూ పనికిరాని బీడు అని కంపెనీ నివేదిక. మనిషి చెయ్యి సోకని అడవి అని సంఘం నివేదిక. మేస్త్రి కళ్లజోడు పెట్టుకుని రెండూ చదివాడు. తను ఇన్నేళ్లూ చాకిరీ చేసిన చోటు గురించే రెండూ మాట్లాడుతున్నాయని అర్థం చేసుకోవడానికి అతనికి కొంత సమయం పట్టింది.

కంపెనీ ఇంజనీరు కుర్రతనం పోని మనిషి. ఎక్కడికైనా బురద సైకిలు మీదే వచ్చేవాడు. నమూనాకు వేసిన రెండు బాటలూ ఒక్క వానకు కొట్టుకుపోతే తల పట్టుకుని, పక్కనే పాత నడకబాట చెక్కుచెదరకుండా ఎలా ఉందని వాకబు చేసి, నేరుగా మేస్త్రి ఇంటికి వచ్చాడు. బాటల పని అప్పగిస్తానన్నాడు. అది కాదు మేస్త్రిని పడగొట్టింది. గేటు దాటగానే అరవై అడుగుల పొడవున, సగం వంచిన గిన్నెలాగా ఒక రాతి గోడ కావాలన్నాడు. సైకిళ్లు వేగంగా వచ్చి ఆ గోడ మీదికి ఎక్కి తిరుగుతాయి. జనం ఎదురుగా నిలబడి చూస్తారు.

"సిమెంటు వద్దు. మీ చేత్తో పేర్చిన రాయి కావాలి. లోపలికి వచ్చినవాడికి మొదట కనిపించేది అదే," అన్నాడు.

కనిపించేది అన్న మాట మేస్త్రి చెవిలో ఇల్లు కట్టుకుంది. పాత క్యాలెండరు కాగితాల వెనక గోడ గీశాడు, చెరిపాడు, మళ్లీ గీశాడు. రాయి ఏ క్వారీ నుంచి తేవాలో, ఏ వరసలో ఏ రంగు పడాలో ఆలోచించాడు. గీస్తున్నప్పుడే అతనికి ఇంకో సంగతి తెలిసిపోయింది. ఆ గోడకు పునాది తవ్వితే తూర్పు వంపు కింద పోయే తన తూము తెగుతుంది. దాని మీద బతికే మూడు గుంటలు ఎండిపోతాయి. సరిగ్గా ఆ మూడే కూతురు లెక్కలో లేనివి. ఎవరి లెక్కలోనూ లేనివాటి గురించి బెంగ దేనికని మేస్త్రి తనకు తాను సర్ది చెప్పుకున్నాడు. జీవితంలో మొదటిసారి అతను నీళ్లకు అడ్డంగా ఆలోచించాడు, తప్పని తెలిసే ఆలోచించాడు.

ఆ రోజుల్లో ఇల్లు రెండు పార్టీల ఆఫీసులా ఉండేది. ముందుగదిలో కూతురూ ఆమె మనుషులూ అట్టల మీద కప్పబొమ్మలు వేసేవారు. వెనకగదిలో మేస్త్రీ ఇంజనీరూ గోడ కొలతలు వేసుకునేవారు. రెండు గదులకూ ఒకే గిన్నెలోంచి టీ వెళ్లేది. ఒకసారి ఇంజనీరు తడి బట్టలు ఆరేసుకుంటే, కప్పల్ని చంపొద్దు అని రాసిన అట్ట పొరపాటున అతని వీపుకు అంటుకుని బజారంతా తిరిగొచ్చింది. తండ్రీ కూతుళ్లు మాట్లాడుకోవడం మానేయలేదు. ఉప్పు అందించు, తలుపు వెయ్యి లాంటి మాటలు నడుస్తూనే ఉండేవి.

చివరికి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కప్పల మీద ఏడాది పాటు అధ్యయనం జరగాలి. అంతవరకు మనిషన్నవాడు కొండ మీద అడుగు పెట్టరాదు, గడ్డిపోచ కదపరాదు. వారానికోసారి కప్పల్ని లెక్కపెట్టే సంఘంవాళ్లకు మాత్రం మినహాయింపు. సంఘం ఊరేగింపు తీసింది. మేస్త్రి క్యాలెండరు కాగితాలు చుట్టచుట్టి బీరువా మీద పెట్టేశాడు. కూతురు గెలిచినందుకు సంతోషించాలో, గోడ పోయినందుకు ఏడవాలో అతనికి తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం చేశాడు.

వానలకు ముందు పూడిక తీసే వారం వచ్చింది. ఉత్తర్వు ఉంది కనక మేస్త్రి ఇంట్లోనే కూర్చున్నాడు. వానలు వచ్చాయి, వెళ్లాయి. గుంటలు ఒండ్రుతో నిండిపోయాయి. నిరుడు రెండువందల పన్నెండు కప్పలు లెక్క తేలిన చోట ఈసారి ముప్పై ఏడు తేలాయి. నమూనా బాటల వల్లే ఇలా అయిందని సంఘం అంది. వాతావరణం మారిపోతోందని కంపెనీ అంది. ప్రొఫెసరు మళ్లీ వచ్చి మట్టి నాలుక మీద వేసుకున్నాడు గానీ ఈసారి ఉమ్మేసి వెళ్లిపోయాడు. కూతురు తిండి మానేసింది. కంచం ముందు కూర్చుని కెలికి లేచిపోయేది. ముప్పై ఏడు ముప్పై అయిన రోజు తలుపు వేసుకుని ఏడ్చింది. ఆ ఏడుపు తండ్రి విన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మేస్త్రి పార తీసుకుని కొండెక్కాడు. ఉత్తర్వు వచ్చాక పెట్టిన కాపలావాళ్లు ఎండ వేళ చెట్టు కింద కునుకు తీస్తారని అతనికి తెలుసు. రోజుకొక గుంట చొప్పున నాలుగు రోజుల్లో నాలుగు గుంటలు బాగుచేశాడు. నడుము విరిగినంత పనైంది. నాలుగో గుంటలో రెండు కప్పలు అతని కాళ్ల మధ్య నుంచే ఈదుకుంటూ పోయాయి. అయిదో రోజు సంఘంవాళ్లు చెట్టుకు కట్టిన కెమెరాలో పడ్డాడు.

ఫోటోలో మొహం లేదు. టోపీ, వంగిన వీపు, గుంటలో మోకాళ్ల దాకా కాళ్లు, చేతిలో పార. సంఘానికి పోయిన ప్రాణం లేచొచ్చింది. కంపెనీ కిరాయి మనుషుల్ని పెట్టి కప్పల ఇళ్లు కూల్చేస్తోందని ఊరంతా పోస్టర్లు అంటించారు. మేస్త్రి వీపు ఊళ్లో ప్రతి గోడ మీదా ఉంది. అతను అంతకాలం కోరుకున్నది ఈ రకంగా తీరింది.

కూతురికి మాత్రం ఆ వీపు ఎవరిదో చూడగానే తెలిసింది. ఫోటో తెచ్చి వంటింట్లో బల్ల మీద, తండ్రి ముందు పెట్టింది. తల్లి పొయ్యి మీది గిన్నె దించి అక్కడే నిలబడింది.

"గోడ కోసం ఇంత పని చేస్తావా నాన్నా?"

మేస్త్రి ఫోటోలోని గుంట మీద వేలు పెట్టాడు.

"పద్నాలుగు," అన్నాడు.

"ఏమిటి?"

"గుంటలు. నువ్వు పదకొండే లెక్కపెట్టావు. తూర్పు వంపు కింద ఇంకో మూడున్నాయి. పొద కదిలించి చూడు, పలక కనిపిస్తుంది. నేను వేసిందే."

ఆ తర్వాత, గోడ పునాది సంగతి ఒక్కటి తప్ప, మిగిలిందంతా చెప్పాడు. పూడిక సంగతీ, మున్సిపాలిటీ సంగతీ, ప్రొఫెసరు ముందు నోరెత్తకపోవడానికి కారణం కూడా చెప్పాడు. ఆమె నమ్మలేదు. నమ్మకపోవడానికి ప్రయత్నించింది. మర్నాడు కొండెక్కి, తూర్పు వంపు కింద పొదలు పక్కకు తీసి, మూడు గుంటలూ చూసి, నాచు కింద చెయ్యి పెట్టి తడిమింది. ఒకదాని పక్కన ఒకటి పొందిగ్గా కూర్చున్న రాళ్లు తగిలాయి.

విచారణ టౌన్‌హాల్లో జరిగింది. ఫోటోలోది తమ మనిషి కాదని కంపెనీ, అవునని సంఘం గొంతులు చించుకుంటుంటే, మేస్త్రి తనే లేచి, అది నేనేనని ఒప్పుకున్నాడు. పెరట్లో మొక్కలకు మట్టి కోసం వెళ్లానని చెప్పాడు. ఆ అబద్ధం అతను ఇంటి దగ్గర బాగా వల్లెవేసుకుని వచ్చాడు. ఇందులో కంపెనీ లేదు, సంఘం లేదు, మట్టి దొంగ ఒకడున్నాడు, అంతే. కూతురి పరువు నిలుస్తుంది. విచారణాధికారి, ఈ మనిషి ఇకముందు జీవితంలో ఆ కొండ మీద అడుగు పెట్టకుండా నిషేధిస్తున్నానని ప్రకటించాడు. మేస్త్రి తల ఊపాడు.

అప్పుడు కూతురు లేచింది.

"ఆయన అబద్ధం చెబుతున్నారు. ఆ గుంటలు ఆయనవే. పద్దెనిమిదేళ్ల కిందట తవ్వారు, ఏటేటా పూడిక తీశారు. మనం ఆయన్ని ఆపాం, కప్పలు పోయాయి. మూడేళ్లుగా నేను లెక్కపెడుతున్నది మా నాన్న పనిని."

ప్రొఫెసరు కళ్లజోడు తుడుచుకుంటూ, ఆ గుంటలు మరీ అంత పాతవి కావేమోనని తనకు మొదటినుంచీ ఒక మూల అనిపిస్తూనే ఉందన్నాడు. ఆ సాయంత్రమే సంఘం సమావేశమై, అందరూ చేతులెత్తి ఆమెను కార్యదర్శి పదవి నుంచి తీసేశారు. ఆ కొండ ఎలాగూ మనిషి చేసిందే గనక పార్కు కట్టుకోవచ్చునని నెల తిరగకుండా ఉత్తర్వు వచ్చింది. గుంటలను మాత్రం మునుపటి పద్ధతిలోనే కాపాడాలని అందులో ఒక వాక్యం ఉంది. ఆ పద్ధతి తెలిసినవాణ్ణి సర్టిఫికెట్టుతో సహా పంపమని మూడు ఆఫీసులకు ఉత్తరాలు వెళ్లాయి. ఎక్కడా దొరక్క, మేస్త్రి మీద నిషేధం ఎత్తేసి అతనికే ఒప్పగించారు.

ఇంజనీరు సైకిలు మీద రొప్పుకుంటూ వచ్చాడు. గోడ కాగితాలు తియ్యండి, రేపే పునాదికి ముగ్గు పోద్దామన్నాడు. మేస్త్రి కాగితాలు తియ్యలేదు. అతన్నీ కూతుర్నీ వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లి, గోడ రావలసిన చోట నిలబడ్డాడు.

"ఇక్కడ పునాది తవ్వితే కింద మూడు గుంటలు ఎండిపోతాయి. గోడ వద్దు," అన్నాడు.

ఇంజనీరు మొహం పాలిపోయింది. "ఈ సంగతి మీకు మొదట్లో తెలియదా?"

"తెలుసు."

"మరి చెప్పలేదే?"

"గోడ కట్టాలనిపించింది."

ఈ మాట అతను ఇంజనీరుకు చెప్పాడు గానీ చూపు కూతురి మీదే ఉంది. ఆమె ఎత్తిపొడవలేదు, ఓదార్చలేదు. నేల వాలు ఎటుందా అని చూస్తూ నిలబడింది. ఇంకెక్కడైనా కడదామని ఇంజనీరు బతిమాలాడు. కొండ వెనక చోటుంది గానీ అక్కడైతే లోపలికి వచ్చినవాడికి మొదట కనిపించేది అది కాదు. అక్కడ చెక్కలతో సరిపెట్టుకోమన్నాడు మేస్త్రి. ఇంటికొచ్చాక బీరువా మీది కాగితాలు దించి, పొయ్యి రాజెయ్యడానికి పనికొస్తాయేమో చూడమని భార్యకిచ్చాడు. ఆమె పొయ్యిలో పెట్టలేదు, అలాగని ఎక్కడ పెట్టిందో కూడా చెప్పలేదు. ఆ రోజు మేస్త్రికి నిజంగా బాధేసింది. రెండు పూటలు భోజనం చెయ్యలేదు.

పార్కు తెరిచిన రోజు ఊరు ఊరంతా కొండ వెనక చేరింది. మైకులు, రంగు జెండాలు, చెక్కల వంపు మీద సైకిళ్ల దడదడ. చప్పట్లు కొండ ఇవతలికి కూడా వినిపిస్తున్నాయి. ఇవతల తూర్పు వంపు కింద, తండ్రీ కూతుళ్లు పన్నెండో గుంటలో మోకాళ్ల దాకా దిగి ఉన్నారు. సెలవు రోజు కదా, పూడిక తియ్యడం నేర్పమని ఆమే వెంటపడి వచ్చింది. పార పట్టుకునే తీరు చూసి మేస్త్రి ఉదయం నుంచీ విసుక్కుంటూనే ఉన్నాడు. అడుగు నుంచి గీకొద్దు, పైపొర ఒక్కటే తియ్యి, ఆ అడుగు మట్టిలోనే వాటి ప్రాణం ఉందని పదిసార్లు చెప్పాడు.

మధ్యాహ్నానికి గుంట తేటపడింది. అంచు రాళ్లు కడిగినట్టు బయటపడ్డాయి. ఒక్కొక్కటీ పక్కదాని ఒంపులో ఒదిగి, మధ్యలో గోరు దూరకుండా ఉన్నాయి. మేస్త్రి అలవాటు కొద్దీ నాచు పలకలు తీసి వాటి మీద పరచబోయాడు. కూతురు చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ నాన్నా. ఒక్కచోటైనా కనబడనీ."

మేస్త్రి ఆగాడు. రాళ్ల వంక చూసుకున్నాడు. బాగున్నాయి. అవి బాగున్నాయని అతనికి పద్దెనిమిదేళ్లుగా తెలుసు. కాసేపు అలాగే చూసి, నాచు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎండకి రాయి కాలుతుందమ్మా. కాలే రాయి మీదికి కప్పపిల్ల ఎక్కలేదు. ఎక్కలేక నీళ్లలోనే ఉండిపోయి చస్తుంది. నాచుంటే దానికి మెట్టు దొరికినట్టు."

మూడేళ్లు ఆ కప్పల్ని లెక్కపెట్టిన సైన్సు టీచరుకు ఈ సంగతి తెలియదు. ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆమె గుంటలోంచి బయటికి వచ్చి, చేతులు చీరకు తుడుచుకుని, సంచిలోంచి నోటుపుస్తకం తీసి, అంచు మీద కూర్చుంది.

"మళ్లీ చెప్పు, రాసుకుంటాను," అంది.

అతని మాట ఎవరైనా రాసుకోవడం అదే మొదలు. మేస్త్రి గొంతు సవరించుకుని, కాస్త నిదానంగా, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.